జపాను శిక్షణకు వెళ్తూ దారిలో ఏమి చూడాలి, ఎప్పుడు చూడాలి: గుణుపురం మిత్రుడికి సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ముందు చెప్తాను. మీది గుణుపురం, ఉద్యోగం రాయగడ వైపు కాగితం మిల్లులో, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ విభాగంలో. జూన్ మొదటి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా నాలుగు నెలలు జపానులో శిక్షణకు ఎంపికయ్యారు. అందులో మొదటి ఆరు వారాలు టోక్యోలోని శిక్షణ కేంద్రంలో భాష నేర్పుతారు, మిగిలిన కాలం ఫుజి నగరంలోని ఒక యంత్ర కర్మాగారంలో పని నేర్పుతారు. వెళ్ళేటప్పుడు సింగపూరు, బ్యాంకాక్ చూసుకుంటూ వెళ్ళాలని, శిక్షణ అయ్యాక ఇంకో పది రోజులు ఉండి క్యోటో, హిరోషిమా చూసి రావాలని అనుకుంటున్నారు. రైల్‌ పాస్ కొనవచ్చా, శాకాహారం దొరుకుతుందా, ఎంత డబ్బు తీసుకెళ్ళాలి అని కూడా అడిగారు. నేను ఇదే వృత్తిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రాయగడలోనే స్థిరపడ్డవాణ్ణి. ఇలాంటి శిక్షణకే 2014లో ఒకసారి, 2018లో మరోసారి వెళ్ళాను. అందుచేత కాస్త విపులంగానే రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. వెళ్ళేటప్పుడు దారిలో ఎక్కడా ఆగవద్దు. తిరిగి వచ్చేటప్పుడు ఒకే ఒక్క చోట ఆగండి. చివరి పది రోజుల ఆలోచన మానుకొని, చూడదలచుకున్నవన్నీ ఆదివారాలలోనూ ఆగస్టు మధ్యలో వచ్చే సెలవులలోనూ చూడండి. ఇది పిరికితనంతో చెప్తున్న మాట కాదు, నా చేతి చమురు వదిలించుకొని నేర్చుకున్నది.

2014లో నేను చెన్నై నుంచి సింగపూరుకు ఒక టికెట్టు, సింగపూరు నుంచి టోక్యోకు వేరే సంస్థలో వేరే టికెట్టు కొన్నాను. మధ్యలో రెండు రోజులు ఊరు చూడవచ్చు, పైగా చవక అని మురిసిపోయాను. చెన్నైలో వాన వల్ల మొదటి విమానం మర్నాటికి వాయిదా పడింది. ఊరు చూసే రెండు రోజుల్లో ఒకటి అక్కడే పోయింది. ఇక సింగపూరు చేరాక చూస్తే నా పెట్టె రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ ఉంటే టోక్యో విమానం దాటిపోయింది. రెండు టికెట్లకూ సంబంధం లేదు కనుక రెండో సంస్థ వారిది బాధ్యత కాదు, మొదటి సంస్థ వారికి నా రెండో టికెట్టుతో పనే లేదు. సొంత డబ్బుతో కొత్త టికెట్టు కొని, ప్రారంభ కార్యక్రమం అయిపోయిన మర్నాడు పొద్దున్న కేంద్రానికి చేరాను. ఆ మొదటి రోజునే భాషా తరగతులకు స్థాయి పరీక్ష పెట్టి, అందరినీ వర్గాలుగా విడగొట్టేశారు. ఇంటి దగ్గర మూడు నెలలు కూర్చొని హిరగనా, కతకానా లిపులు రెండూ నేర్చుకొని వెళ్ళిన నన్ను, పరీక్ష రాయలేదు గనుక అక్షరాలు దిద్దేవారి గదిలో కూర్చోబెట్టారు. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు. వెళ్ళేటప్పుడు మీరు ఆలస్యమైతే నష్టపోయేది శిక్షణ, వచ్చేటప్పుడు ఆలస్యమైతే నష్టపోయేది ఒక రోజు సెలవు మాత్రమే. ఈ తేడాను పట్టుకొని మిగతా ఏర్పాట్లన్నీ చేసుకోండి.

ఇక పత్రాల సంగతి. మీకు రావలసింది పర్యాటక వీసా కాదు. జపానులో మిమ్మల్ని పిలిచే సంస్థ అక్కడి వలస శాఖకు దరఖాస్తు చేసి, సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ అనే అర్హత పత్రం తెప్పిస్తుంది. దాని ఆధారంగా ఇక్కడ శిక్షణార్థి వీసా ఇస్తారు. ఆ పత్రం ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల లోపు జపానులో అడుగు పెట్టాలి కనుక, అది చేతికి వచ్చాక వీసాకు తాత్సారం చేయకూడదు. మన వైపు వారు తరచు పొరబడేది ఇంకొకటి ఉంది. మనకు ఒంట్లో బాగోకపోయినా, పెళ్ళి బట్టలు కావలసినా విశాఖపట్నమే గనుక, వీసా పని కూడా అటు చెన్నై వైపే జరుగుతుందనుకుంటారు. కానీ జపాను వీసాకు చూసేది మీ చిరునామా ఉన్న రాష్ట్రాన్ని. ఒడిశా వారు కోల్‌కతాలోని జపాను కాన్సులేటు పరిధిలోకి వస్తారు. మా సహోద్యోగి ఒకరు బొబ్బిలిలో ఉన్న అత్తవారి చిరునామా పెట్టి చెన్నైలో పని కానిద్దామని చూసి, చివరకు రెండు చోట్లా సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది.

పేరు విషయంలో మరీ జాగ్రత్త. సరిహద్దులో పెరిగిన తెలుగు వారి సర్టిఫికెట్లలో ఉండే తంటా మీకు తెలియనిది కాదు. ఒడియాలో వ అనే అక్షరం పలుకుబడిలో బ అవుతుంది కాబట్టి, బడిలో మాస్టారు రాసుకున్న పేరే పదో తరగతి సర్టిఫికెట్లోకి ఎక్కి, వెంకటరావు కాస్తా బెంకటరావు అవుతాడు, వాసు బాసు అవుతాడు. నా పదో తరగతి సర్టిఫికెట్లో బి అక్షరం, ఆధార్‌లో వి అక్షరం. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకొకచోట పూర్తిగా ఉంది. అర్హత పత్రం పాస్‌పోర్టులోని పేరును అనుసరించి వస్తుంది, డిప్లొమా నకలు దానికి జతచేస్తారు. ఈ రెండింటిలో పేరు తేడాగా ఉంటే జపానులో మీ కాగితాలు చూసే గుమాస్తాకు ఈ వ, బ అక్షరాల కథ తెలియదు. ఇద్దరు మనుషులు అనుకుంటాడు. కాబట్టి ఇప్పుడే కూర్చొని పాస్‌పోర్టు, డిప్లొమా, ఉద్యోగ పత్రం మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్టు చేయించి, దరఖాస్తు వెళ్ళక ముందే మీ కంపెనీ వారి చేతికి ఇవ్వండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు విమానం టికెట్టులో పేరు ఎలా వేయాలో ఆ విమాన సంస్థనే అడిగి వేయించుకోవాలి, ఏజెంటు ఊహకు వదిలిపెట్టకూడదు.

శిక్షణ అయ్యాక పది రోజులు ఉండటం గురించి. మీ పాస్‌పోర్టుపై వేసే నివాస గడువు శిక్షణ అవసరాన్ని బట్టి ఇచ్చినది. గడువు తేదీ ఇంకా మిగిలి ఉన్నంత మాత్రాన అది విహారానికి ఇచ్చిన అనుమతి కాదు. పిలిచిన సంస్థ, పంపిన సంస్థ రెండూ మీరు చివరి రోజు తరువాత వెంటనే బయల్దేరతారనే లెక్కతో టికెట్టు, బీమా, భత్యం ఏర్పాటు చేస్తాయి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావాలంటే రెండు వైపుల నుంచీ రాతపూర్వకంగా అంగీకారం తీసుకోండి. సరే చూద్దాంలే అన్న నోటిమాట మీద టికెట్టు మార్చుకోకండి. మీరు సంతకం చేసిన శిక్షణ బాండును కూడా ఒకసారి చదవండి. సొంత సెలవుపై ఆగిన రోజులు శిక్షణ కాలంలోకి గాని, శిక్షణ ఖర్చులోకి గాని రావని సెలవు ఉత్తర్వులో ఒక వాక్యం రాయించుకుంటే తరువాత తగవు ఉండదు. ఆ రోజులకు ప్రయాణ బీమా మీరే విడిగా కొనాలి.

మూడు నెలలు మించి ఉండేవారికి విమానాశ్రయంలోనే నివాస కార్డు ఇస్తారు. ఉండే చోటు కుదిరిన 14 రోజుల్లోగా ఆ కార్డుతో స్థానిక పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. టోక్యో నుంచి ఫుజికి మారినప్పుడు మళ్ళీ ఇదే పని ఉంటుంది. శిక్షణ కేంద్రం వారే దగ్గరుండి చేయిస్తారు గాని, కార్డు ఎప్పుడూ జేబులో ఉండవలసింది మాత్రం మీ బాధ్యత.

రైల్ పాస్ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో, మీకు ఇవ్వరు. విదేశీయుల కోసం అమ్మే జపాన్ రైల్ పాస్ తాత్కాలిక సందర్శకులుగా ముద్ర పడిన వారికి మాత్రమే. శిక్షణార్థి హోదాలో వెళ్ళినవారికి అది వర్తించదు. ఇక్కడి నుంచే ఆన్‌లైనులో కొనుక్కొని వెళ్ళి, అక్కడ కౌంటరులో పాస్‌పోర్టు చూపించి వెనక్కు తిరిగిన వారిని చూశాను. అందుకు ప్రత్యామ్నాయం ఉంది. సెయిషున్ జూహాచి కిప్పు అని ఒక టికెట్టు ఉంటుంది. పేరులో పద్దెనిమిది అని ఉన్నా వయసుతోగాని, దేశంతోగాని, వీసాతోగాని సంబంధం లేదు. బడి సెలవుల కాలంలో మాత్రమే, అంటే వేసవిలో సుమారుగా జులై 20 ప్రాంతం నుంచి సెప్టెంబరు 10 ప్రాంతం దాకా చెల్లుతుంది, మీరు ఉండే కాలంతో సరిగ్గా కలుస్తోంది. 2024 చలికాలంలో నియమాలు మార్చారు. ఇప్పుడు వరుసగా మూడు రోజులకు 10,000 యెన్‌లు, వరుసగా ఐదు రోజులకు 12,050 యెన్‌లు. జేఆర్, అంటే జపాను రైల్వే సంస్థల వారి ప్యాసింజరు రైళ్ళన్నీ ఎక్కవచ్చు, అతివేగంగా పోయే షింకన్‌సెన్ మాత్రం ఎక్కకూడదు. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్‌లో ఒక్క వైపు ప్రయాణానికే 13,000 యెన్‌లు దాటుతుందని గుర్తు పెట్టుకుంటే ఈ టికెట్టు విలువ తెలుస్తుంది. ఫుజిలో పొద్దున్నే ఎక్కి, హమామత్సు, తోయోహాషి వంటి చోట్ల నాలుగైదు సార్లు రైలు మారుతూ పోతే మధ్యాహ్నం దాటాక క్యోటోలో దిగుతారు. విజయనగరం ప్యాసింజరులో పార్వతీపురం మీదుగా కిటికీ పక్కన కూర్చొని ప్రయాణించిన మనవాళ్ళకు ఇది కష్టం అనిపించదు.

రైళ్ళ గురించే ఇంకో రెండు మాటలు. టోక్యోలో కొన్న సుయికా కార్డు, అంటే ముందే డబ్బు వేసుకొని గేటు దగ్గర తాకించే రైలు కార్డు, తాకించి రైలెక్కి, ఫుజిలో దిగి మళ్ళీ తాకిస్తే గేటు తెరుచుకోదు. అతామి దగ్గర తూర్పు జేఆర్ పరిధి ముగిసి మధ్య జేఆర్ పరిధి మొదలవుతుంది, కార్డు ఆ సరిహద్దు దాటి పనిచేయదు. అలాంటి ప్రయాణానికి కాగితం టికెట్టే కొనాలి. సరిహద్దు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు గదా. అలాగే ఫుజి స్టేషను వేరు, షింకన్‌సెన్ ఆగే షిన్-ఫుజి వేరు. రెండింటి మధ్య రైలు లేదు, బస్సు ఎక్కాలి. షిన్-ఫుజిలో అన్ని స్టేషన్లలో ఆగుతూ పోయే కొదామా బళ్ళు మాత్రమే ఆగుతాయి, వేగంగా పోయే నొజోమి ఎక్కితే ఫుజి కొండను కిటికీలోంచి చూసి నగోయా చేరిపోతారు.

టోక్యోలో మీరు ఉండే ఆరు వారాలూ వానకాలమే, జులై మధ్య దాకా ముసురు వదలదు. అందుకని అక్కడ ఇంటి కప్పు కింద చూసేవి పెట్టుకోండి. కాగితం మిల్లు వాడిగా మీరు తప్పనిసరిగా చూడవలసింది ఓజీ స్టేషను పక్కన అసుకయామా పార్కులో ఉన్న కాగితం మ్యూజియం. షిబుసావా ఎయిచీ అనే ఆయన 1873లో స్థాపించిన కాగితం కంపెనీ మిల్లు ఆ ఓజీలోనే వెలిసింది. జపానులో ఆధునిక కాగితం పరిశ్రమకు అది పుట్టిల్లు. 2024 జులైలో వచ్చిన కొత్త 10,000 యెన్‌ల నోటు మీద ఉన్న ముఖం ఆయనదే. మీకు ఇచ్చే భత్యం కవరులో కొత్త నోట్లు ఉంటే మొట్టమొదట కనిపించేది కాగితం మిల్లు పెట్టిన మనిషన్నమాట. మ్యూజియంలో చేతితో వాషి అనే జపాను సంప్రదాయ కాగితం తీసే పద్ధతి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గుజ్జు నీళ్ళలో వెదురు చట్రాన్ని ముంచి అటూ ఇటూ ఊపుతున్న మనిషి మణికట్టు కదలిక, మన మెషీన్ మీద వైరు, అంటే గుజ్జు నీరు వడిసే జల్లెడ, అడ్డంగా ఊగే ఊపు ఒకటే. పోగులు ఒకే దిక్కున పడుకోకుండా పెనవేసుకోవాలన్నదే రెండింటి ఉద్దేశం. ఇరవై ఏళ్ళు ఆ ఊపు మోటారును బాగుచేసిన నాకు అది ఎందుకు ఊగుతుందో అక్కడ కళ్ళకు కట్టింది.

ఒడిశా వారికి ఆప్తమైన చోటు ఇంకొకటి టోక్యోలో ఉంది. కటక్‌లో పుట్టిన నేతాజీ సుభాష్ చంద్ర బోసు చితాభస్మంగా చెప్పేది సుగినామి ప్రాంతంలోని రెన్‌కోజీ అనే చిన్న బౌద్ధాలయంలో 1945 నుంచి భద్రపరిచారు. మారునౌచి లైనులో హిగాషి-కోఎన్‌జీలో దిగి నడిచి వెళ్ళవచ్చు. ఆవరణలో ఆయన విగ్రహం ఉంటుంది. ఇళ్ళ మధ్య ఉన్న గుడి కాబట్టి గట్టిగా మాట్లాడకుండా చూసి రావాలి. మీ గుణుపురానికి 1931లో వచ్చిన నౌపడా చిన్న రైలును బాల్యంలో ఎక్కి ఉంటే, ఓమియాలో 2007లో తెరిచిన రైల్వే మ్యూజియంలో ఒక ఆదివారం మొత్తం గడిచిపోతుంది. అసకుసా వంటివి మీ సహాధ్యాయులు ఎలాగూ తీసుకువెళ్తారు, వాటి గురించి నేను రాయనక్కరలేదు.

ఫుజి నగరం చేరిన రోజున రైలు దిగగానే మీ ముక్కుకు తెలిసిపోతుంది, ఇది కాగితం ఊరని. కుళ్ళిన క్యాబేజీ లాంటి ఆ గంధకం వాసనకు తోటి శిక్షణార్థులు ముక్కు మూసుకుంటే నాకు మాత్రం ఇంటి మీద బెంగ పుట్టింది. చాలామంది దాన్ని చూడదగ్గ ఊరుగా లెక్కించరు. మన వృత్తి వారికి మాత్రం ఆ ఊరు, దాని పక్కన పారే ఫుజి నది ఒక యాత్రాస్థలమే. జపాను విద్యుత్తు రెండుగా చీలింది అక్కడే. 1890లలో టోక్యో కంపెనీ జర్మనీ నుంచి 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఆవృతుల) జనరేటర్లను, ఒసాకా కంపెనీ అమెరికా నుంచి 60 హెర్ట్జ్ జనరేటర్లను కొనుక్కున్నాయి. ఆ రెండూ పెరిగి పెరిగి ఒకదానికొకటి ఎదురుపడేసరికి మార్చుకోలేనంత పెద్దవయ్యాయి. నేటికీ దాదాపుగా ఫుజి నదికి తూర్పున 50, పడమరన 60. కర్మాగారంలో మోటారు ప్లేటు మీద రెండు వేగాలు చెక్కి ఉండటం చూస్తారు. నాలుగు ధ్రువాల మోటారు సింక్రొనస్ వేగం, అంటే సరఫరా హెర్ట్జ్‌ను బట్టి వచ్చే వేగం, ఒక ఒడ్డున నిమిషానికి 1,500 చుట్లు, ఇంకో ఒడ్డున 1,800. మా శిక్షకుడు పలక మీద వేసి చూపించిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. నగోయాలో నడిచిన పంపును తెచ్చి ఈ ఒడ్డున బిగిస్తే ప్రవాహం 83 శాతానికి, శక్తి వినియోగం సుమారు 58 శాతానికి పడిపోతాయి. ఇక్కడి పంపును తీసుకుపోయి అక్కడ బిగిస్తే శక్తి ఒకటిన్నర రెట్లు దాటి మోటారు కాలుతుంది. మన దేశంలో ఎక్కడికి పోయినా 50 హెర్ట్జే గనుక మనకు ఎన్నడూ తట్టని సమస్య ఇది. ఒక ఆదివారం సాయంత్రం ఆ నది వంతెన మీద నిలబడి రండి, చూడటానికి రాళ్ళు, నీళ్ళు తప్ప ఏమీ ఉండవు, అయినా రండి.

సందర్భం వచ్చింది కనుక చెప్తున్నాను. అక్కడి ఇళ్ళలో 100 వోల్టులే. ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకుపోయే అలవాటు మనవాళ్ళకు ఉంది. 230 వోల్టుల కుక్కరుకు 100 వోల్టులు ఇస్తే ఐదో వంతు వేడి కూడా పుట్టదు, అన్నం కాదు గదా నానబెట్టిన బియ్యం వస్తాయి. అక్కడే చిన్నది కొనండి. ఫోను ఛార్జరుకు మాత్రం ఇబ్బంది లేదు, రెండు పలక పిన్నుల అడాప్టరు చాలు.

ఫుజి కొండ ఎత్తు 3,776 మీటర్లు. ఎక్కే కాలం జులై నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకానే కనుక మీకు అవకాశం ఉంది. 2025 నుంచి అన్ని దారులకూ మనిషికి 4,000 యెన్‌ల రుసుము పెట్టారు. మధ్యాహ్నం 2 గంటలు దాటాక, కొండ మీద గుడిసెలో పడక ఖాయం చేసుకోనివారిని పైకి పోనివ్వరు. మహేంద్రగిరి ఎక్కామన్న ధీమాతో చలికోటు లేకుండా పోవద్దు, ఆగస్టులో కూడా తెల్లవారుజామున శిఖరం మీద వేళ్ళు కొంకర్లు పోతాయి. ఎక్కలేకపోయినా బాధపడనక్కరలేదు. వేసవిలో కొండ మబ్బుల్లోనే ఉంటుంది, ఒక్కోసారి వారాల తరబడి ఊళ్ళో ఉండి కూడా చూడలేము. పొద్దున్న ఆరు గంటలకు లేచి చూసేవారికే అది ఎక్కువగా దర్శనమిస్తుంది.

క్యోటో, హిరోషిమా కోరికకు సమయం ఆగస్టు మధ్యలో వచ్చే ఓబోన్ సెలవులు. పితృదేవతలు ఇంటికి వస్తారని వారు నమ్మే రోజులు అవి, మన మహాలయ పక్షం వంటివి. కర్మాగారాలు చాలావరకు వారం రోజులు మూసివేస్తారు. ఐదు రోజుల టికెట్టును ఆ వారంలో వాడండి. అయితే దేశమంతా అప్పుడే కదులుతుంది గనుక పడకలను జూన్‌లోనే ఖాయం చేసుకోవాలి. నా మాట విని మొదటి రోజు నగోయాలో ఆగండి. అక్కడ పాత మగ్గాల కర్మాగారం స్థలంలోనే టొయోటా వారు 1994లో పెట్టిన పరిశ్రమల మ్యూజియం ఉంది. 1924 నాటి ఆటోమేటిక్ మగ్గం నడుస్తూ ఉండగా ఒక దారం తెంపి చూపిస్తారు, మగ్గం దానంతట అదే టక్కున ఆగిపోతుంది. మన మెషీన్‌లో కాగితం తెగితే పసిగట్టే షీట్ బ్రేక్ సెన్సారు చేసే పని అదే, కాకపోతే వందేళ్ళ క్రితం, కరెంటు లేకుండా, ఇనుప రేకులతో.

తరువాత నారా. అక్కడి తోదాయ్‌జీ ఆలయంలోని మహాబుద్ధుడికి 752లో కళ్ళు తెరిపించే సంస్కారం జరిగింది. కుంచె పట్టి కనుపాపలు దిద్దినవాడు 736లో జపాను చేరిన భారతీయ భిక్షువు బోధిసేనుడు. ఆ కుంచెకు కట్టిన పొడవాటి దారాలను కింద చేరినవారు పట్టుకున్నారని, అలా కళ్ళు తెరిపించిన పుణ్యం అందరికీ చెందిందని అక్కడ చెప్తారు. భువనేశ్వర్ వెళ్ళినప్పుడు ధౌళి కొండ మీద జపాను భిక్షువులు 1970ల మొదట్లో కట్టిన తెల్లని శాంతి స్తూపాన్ని మీరు చూసే ఉంటారు. దాదాపు పదమూడు వందల ఏళ్ళ క్రితం ఇక్కడివాడు అక్కడికి పోతే, తరువాత అక్కడివారు ఇక్కడికి వచ్చారు. క్యోటోలో మెట్ల మీద జనాన్ని తోసుకుంటూ ఫొటోలు తీసుకోవడం కంటే నారాలో ఒక పూట ఎక్కువ ఉండటం మేలని నా అభిప్రాయం, మీ ఇష్టం. హిరోషిమాకు మాత్రం అక్కడి నుంచి దూరం, ప్యాసింజరు బండిలో ఒక రోజు పోతుంది. వెళ్తే పొద్దుటి పూట మ్యూజియం ఒక్కటే చూడండి. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15 గంటలకు ఆగిపోయిన చేతి గడియారం దగ్గరకు వచ్చాక మరేదీ చూడబుద్ధి కాదు.

తిండి విషయం తొందరగా ముగిస్తాను. శాకాహారం అని చెప్తే మాంసం లేకుండా తెస్తారు గాని, చారులో, కూరలో చేప పొడితో కాచిన దాషి ఉంటుంది, దాన్ని వారు మాంసంగా లెక్కించరు. పట్టింపు ఉంటే వండుకోవడమే దారి. కందిపొడి, నువ్వుల పొడి, ఆవకాయ ముద్ర వేసిన ప్యాకెట్లలో తీసుకువెళ్ళండి. పచ్చి కరివేపాకు, మామిడి పళ్ళు, ఏ రకమైన మాంసం పచ్చడి అయినా పెట్టెలో పెట్టవద్దు. మాంసం పదార్థాల మీద అక్కడ శిక్షలు గట్టివి, కుక్కలు వాసన పట్టి పెట్టె దగ్గరే కూర్చుంటాయి. మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. మన ఊళ్ళో మందుల దుకాణంలో దొరికే దగ్గు సిరప్‌లలో కొన్నింటిలో కోడీన్, జలుబు మాత్రలలో సూడోఎఫెడ్రిన్ ఉంటాయి. మందులో వాటి పాలు పరిమితి దాటితే అక్కడ అవి నిషిద్ధ పదార్థాలు. బీపీ, షుగరు మాత్రలు ఒక నెలకు మించి తీసుకుపోవాలంటే ముందే జపాను ఆరోగ్య శాఖ నుంచి దిగుమతి ధ్రువపత్రం తెప్పించుకోవాలి. మీకు నాలుగు నెలలు గనుక ఇది మరచిపోయే విషయం కాదు.

డబ్బు గురించి లెక్క వేసి చెప్పడం కష్టం. బసా భోజనం శిక్షణ వారివే కనుక, నేను పైన రాసిన తిరుగుడుకు భత్యంలోంచి నెలనెలా కొంత దాచుకుంటే సరిపోయింది. విదేశీ నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ దాకా తీసుకువెళ్ళనిస్తారు గాని అంత మోయనక్కరలేదు, కొద్దిగా యెన్‌ల నోట్లు, మిగతాది ఫారెక్స్ కార్డు మీద.

ఇక తిరుగు ప్రయాణం. బ్యాంకాక్ వదిలేసి సింగపూరు ఒక్కటే పెట్టుకోండి. కారణం, భారతీయ పాస్‌పోర్టు మీద జపాను వీసా ఉన్నవారు మూడో దేశానికి దాటిపోతూ ఉంటే సింగపూరు 96 గంటల దాకా వీసా లేకుండా ఆగనిస్తుంది. మీది ఒకేసారి వాడే వీసా, వచ్చేసరికి వాడేసి ఉంటారు. అలాంటి వారికి ఈ వెసులుబాటు జపాను నుంచి నేరుగా వస్తేనే, కాబట్టి మధ్యలో ఇంకో దేశం దూర్చితే అది చేజారుతుంది. ఇంటికి వెళ్ళే ఖాయమైన టికెట్టు చేతిలో ఉండాలి, చేరడానికి మూడు రోజుల లోపల ఆన్‌లైనులో రాక కార్డు నింపాలి. చివరి మాట అక్కడి అధికారిదే గనుక, టికెట్టు కొనే రోజున వారి వలస శాఖ వెబ్‌సైటులో నియమాన్ని మళ్ళీ చదవండి, ఏ మాత్రం అనుమానం మిగిలినా మామూలు వీసా ముందే తీసుకోండి. టోక్యో నుంచి సింగపూరు, సింగపూరు నుంచి విశాఖపట్నం ఒకే టికెట్టుగా దొరికితే పది రూపాయలు ఎక్కువైనా అదే కొనండి. రెండు రాత్రులు చాలు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి వెనక వీధిలో అరటాకు వేసి అన్నం పెట్టే హోటళ్ళు ఉంటాయి. నాలుగు నెలల తరువాత మొదటి ముద్ద అక్కడ తిని, పిల్లలకు కొనవలసినవి కొనుక్కొని విమానం ఎక్కితే విశాఖలో దిగి రాయగడ బండి పట్టుకోవచ్చు.

ఇవాళ చేయవలసిన పని మాత్రం ఒకటే, ఆ మూడు కాగితాలూ బయటకు తీసి పేరు సరిచూడటం. తేడా కనిపిస్తే, ఏ కాగితంలో ఎలా ఉందో అక్షరాలతో సహా ఇక్కడే రాయండి, అఫిడవిట్టు ముసాయిదా నేను రాసి పెడతాను.